రాయిని పిండే ఉద్యోగం

900 మీటర్ల లోతు నుంచి పైకి తెచ్చిన రాయి అది. చేతిలోకి తీసుకుంటే పొడిగానే అనిపిస్తుంది. ముదురు బూడిద రంగు, చాకుతో గీస్తే గీత పడుతుంది, వేళ్లకు మాత్రం తడి అంటదు. అయినా అలాంటి రాయి కిలోలో 40 నుంచి 70 గ్రాముల దాకా నీళ్లుంటాయి. ఆ నీళ్లను బయటికి తీయడం, వాటిలో ఏమేం కరిగి ఉన్నాయో చెప్పడం నా పని. స్విట్జర్లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాను.

ఆ రాయిని ఓపలినస్ క్లే అంటారు. 17 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న బురద, పైన పడ్డ బరువుకు నలిగి నలిగి రాయయింది. అందులో దొరికే లియోసెరస్ ఓపలినమ్ అనే అమ్మోనైట్ వల్ల ఆ పేరు వచ్చింది. కోరు, అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీ, ముక్క విరిచినప్పుడు ఎప్పుడైనా ఒక గవ్వ ముత్యపు మెరుపుతో బయటపడితే అందరం పని ఆపి చూస్తాం. ఆ గవ్వలతో మాకు పని లేదు. మాకు కావలసింది రాయిలోని మన్ను రేకుల మధ్య ఇరుక్కున్న నీరు. ఆ సందులు నానోమీటర్లలో ఉంటాయి. వాటిలో నీరు ఉందంటే ఉంది, పారుతుందంటే పారదు. ఒక చదరపు మీటరు రాతి అడ్డుకోత తీసుకుని, మీటరుకు మీటరు చొప్పున నీటి వాలు పెట్టినా, ఏడాదంతా కలిపి దాని గుండా దాటేది సుమారు మూడు మిల్లీలీటర్లు. ఇంకా తక్కువ దాటే చోట్లూ ఉన్నాయి.

పారదు కాబట్టే దాని మీద ఇంత ఆసక్తి. స్విట్జర్లాండ్ తన అణు వ్యర్థాలను ఈ రాతి పొరలో పాతిపెట్టాలనుకుంటోంది. వ్యర్థాల్లోని చాలా మూలకాలు మన్ను రేకులకు అతుక్కుపోయి అక్కడే ఉండిపోతాయి. అతుక్కోనివి కొన్ని ఉన్నాయి. అయోడిన్-129, క్లోరిన్-36 లాంటివి రుణావేశంతో తిరుగుతాయి, మన్ను రేకులదీ రుణావేశమే, అందుకని ఆ రెంటికీ పొసగదు. అయోడిన్-129 సగానికి తగ్గడానికి కోటిన్నర ఏళ్లకు పైగా పడుతుంది. అన్నేళ్లలో అది రాయిని దాటి బయటికి వస్తుందా, వస్తే ఎంత వస్తుంది? ఎవరూ కూర్చుని చూడలేని ప్రయోగం ఇది. అయితే అదే రాయిలో, అదే రుణావేశంతో, కోట్ల ఏళ్లుగా ఉన్న మామూలు ఉప్పు తాలూకు క్లోరైడ్ ఉంది. అది ఎక్కడ ఎంత మిగిలిందో కొలిస్తే ప్రకృతి ఆ ప్రయోగాన్ని ముందే చేసిపెట్టిందని తెలుస్తుంది. మా ప్రయోగశాలకు జీతాలు వచ్చేది ప్రధానంగా ఈ ఒక్క మాట మీద.

నేను ఈ పనిలోకి వచ్చింది మాత్రం నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల దారిలో. ఎమ్మెస్సీలో మా జిల్లా బోర్ల నీళ్లే నా ప్రాజెక్టు. అక్కడ నీళ్లు తీయడం కష్టం కాదు. చేతిపంపు కాసేపు కొట్టి, సీసా రెండుసార్లు తొలిచి, పొర్లేదాకా నింపి మూత బిగిస్తే అయిపోయినట్టే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది సాయంత్రానికి తెలిసిపోయేది. ఆ నీళ్లలో సందేహం ఉంటే మళ్లీ వెళ్లి ఇంకో సీసా పట్టుకొచ్చేవాళ్లం. ఇక్కడికి వచ్చాక ముందుగా పోయింది ఆ ఇంకో సీసా అనే ధైర్యం.

మా మేనమామ ఊళ్లో బోరుబండి నడిపేవాడు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అడిగాడు.

"ఆడ ఏం పని బిడ్డా నీది?"

"రాళ్లల్లకెళ్లి నీళ్లు తీస్తం మామా."

"గది మా పనే గదా! మరి ఎన్నించులు పడుతున్నయ్?"

నెలకు రెండు మూడు సిరింజిలని చెప్పాను. ఆయన నా వైపు, సిరింజి పొడవు చూపిస్తున్న నా వేళ్ల వైపు చూసి, "గా మాత్రం దానికి అంత దూరం పోవుడెందుకే, నాలికెతోని అద్దుకుంటే అయిపాయె" అన్నాడు. నవ్వాను గానీ, నాకంటే బాగా రాయి తెలిసిన మనిషి ఆయన. గ్రానైటులో నీరు పగుళ్లలో ఉంటుందనీ, పగులు తగలకపోతే వెయ్యి అడుగులు దింపినా దుమ్మే వస్తుందనీ ఆయనకు చేతుల్లో తెలుసు. నేను చెప్పాల్సి వచ్చిందల్లా, మా రాయిలో పగులు తగలడమే మాకు చెడ్డ వార్త అని.

2019 నుంచి 2022 దాకా ఉత్తర స్విట్జర్లాండ్‌లో నాగ్రా అనే సంస్థ తొమ్మిది లోతైన బోర్లు వేసింది. వ్యర్థాలను పాతిపెట్టే బాధ్యత ఆ సంస్థదే. మొదటి బోరు బ్యూలాఖ్‌లో, ఆ తర్వాత ట్రుల్లికోన్, మార్తాలెన్, బోట్స్‌బెర్గ్, స్టాడెల్ ఇలా వరసగా. ఆ మూడేళ్లు మాకు పండగా అదే, పత్యమూ అదే. రిగ్గు రాత్రీ పగలూ నడుస్తుంది, కోరు ఎప్పుడు పైకి వస్తే అప్పుడు మనిషి ఉండాలి.

కోరు బయటికి రాగానే గడియారం మొదలవుతుంది. కింద అంత బరువు కింద, గాలి సోకకుండా ఉన్న రాయి ఒక్కసారిగా బయటపడుతుంది. రాయి పై తలం తడి ఆరిపోవడం కంటితో చూడొచ్చు. ముదురు బూడిద రంగు అంచుల నుంచి లేత బూడిదలోకి మారుతుంది, పొరల వెంట సన్నటి చీలికలు లేస్తాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఫొటో తీయాలంటారు, చీలికలు లెక్కపెట్టాలంటారు, పొరల కోణం కొలవాలంటారు. మేం పక్కన సంచులు పట్టుకుని నిలబడి ఉంటాం. చలికాలం రాత్రి మూడు గంటలకు, వంగి కొలుస్తున్న మనిషి వీపు చూస్తూ, "ఇక చాలు, మా ముక్క మాకిచ్చేయండి" అని మర్యాదగా ఎలా చెప్పాలో నేర్చుకోవడం కూడా ఈ వృత్తిలో శిక్షణే.

ముక్కను నీళ్లతో కడగకూడదు. ఈ రాయికి మంచినీరు తగిలితే ఉబ్బి, పొడిపొడిగా విడిపోతుంది, లోపలి ఉప్పు బయటికి పోతుంది. పొడి గుడ్డతో డ్రిల్లింగ్ ద్రవం తుడిచి, అల్యూమినియం పూత ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నైట్రోజన్ పట్టించి, గాలి లాగేసి, సీలు వేస్తాం. దాని మీద ఇంకో సంచి, ఇంకో సీలు. పై సంచి మీద లోతు, తారీఖు, పైకి తెచ్చిన గంట, సీలు వేసిన గంట. ఆ రెండు గంటల మధ్య తేడాయే తర్వాత నేను అందరికంటే ముందు చూసే అంకె. పది నిమిషాల ముక్కకూ, గంటసేపు బల్ల మీద పడి ఉన్న ముక్కకూ ఒకే విలువ ఇవ్వను. పట్టికలో ఇవి పక్కపక్కనే, ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి. చదివేవాడికి తేడా తెలియదు.

ప్రయోగశాలలో మొదటి పని కోరు చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు చెక్కి పారేయడం, ద్రవం ఎక్కడిదాకా ఇంకిందో తెలియదు కాబట్టి. మధ్య భాగంలో ఒక ముక్కను తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా రోజులూ వారాలూ తూస్తూ ఉంటాం. కొత్తగా చేరినవాళ్లకు ఇదొక శిక్షలా ఉంటుంది. కానీ నీటి శాతం తప్పయితే తర్వాత చేసే ప్రతి లెక్కా తప్పే. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

నీళ్లు తీసే పద్ధతుల్లో అందరికీ చప్పున అర్థమయ్యేది పిండటం. రాతి ముక్కను మందపాటి ఉక్కు గదిలో పెట్టి, పైనుంచి పిస్టన్‌తో నొక్కుతారు. కింద సన్నటి గొట్టం, దాని చివర సిరింజి. ఒత్తిడి ఎంతంటే 200 మెగాపాస్కల్స్, అంటే మనం పీల్చే గాలి ఒత్తిడికి సుమారు రెండు వేల రెట్లు. పసిఫిక్‌లో అన్నిటికంటే లోతైన చోట ఉండేది ఇందులో సగానికి కాస్త ఎక్కువ. జపాన్‌లో 500 దాకా వెళ్లే యంత్రం ఉంది. ఒత్తిడి ఒక్కసారి పెంచరు. ఒక మెట్టు ఎక్కించి, రోజులు ఆగి, ఇంకో మెట్టు. చాలా ముక్కలు మొదటి మెట్లలో ఏమీ ఇవ్వవు. ఇచ్చినవి కొన్ని మిల్లీలీటర్లు.

ఆ కొన్ని మిల్లీలీటర్ల మీద అయినా పూర్తి నమ్మకం పెట్టుకోవచ్చా అంటే, అక్కడే చిక్కు. ఒత్తిడి పెంచేకొద్దీ వచ్చే నీళ్లలో ఉప్పు తగ్గుతూ పోతుంది. మొదటి సిరింజికీ చివరి సిరింజికీ పొంతన ఉండదు. మన్ను రేకుకు ఆనుకుని ఉన్న నీళ్లలో క్లోరైడ్ దాదాపు ఉండదు, రేకు దాన్ని దగ్గరికి రానివ్వదు. రేకుకు దూరంగా, సందు నడుమ ఉన్న నీళ్లలో ఉప్పు నిండుగా ఉంటుంది. మెల్లగా నొక్కితే ముందు నడుమ నీళ్లు వస్తాయి, గట్టిగా నొక్కితే రేకుల పక్క నీళ్లు కూడా కలిసి వచ్చి ఉప్పును పలచన చేస్తాయి. మరి రాయిలో ఉన్న నీళ్లు ఏవి, మొదటివా, చివరివా? రెండూ ఉన్నవే. మేం మొదటి సిరింజి అంకెను తీసుకుంటాం, దానికి కారణాలు రాస్తాం. ఒత్తిడి 200 లోపు ఉంటే క్లోరైడ్ అంకె మిగతా పద్ధతులతో సరిపోతుందన్నది అనుభవం మీద తేలిన మాట.

రెండో పద్ధతి కడిగి తీయడం. రాయిని నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్స్‌లో పొడిచేసి, సమాన బరువు శుద్ధ జలం పోసి, ఒకటి రెండు రోజులు తిప్పి, సెంట్రిఫ్యూజ్ చేసి, ఫిల్టరు చేసి, అయాన్ క్రొమటోగ్రాఫ్‌లోకి పంపిస్తాం. చవక, వేగం, ఏ రాయికైనా చేయొచ్చు. మొత్తం బోరు పొడవునా వందల ముక్కలు కొలవాలంటే ఇదొక్కటే గతి. దీనిలో క్లోరైడ్ నిజాయితీగా వస్తుంది, ఎందుకంటే ఈ రాయిలో క్లోరైడ్‌ను పుట్టించే ఖనిజం ఏదీ చెప్పుకోదగ్గంత లేదు, వచ్చినదంతా రంధ్రాల నీటిదే. కానీ వచ్చింది "కిలో రాయికి ఇంత క్లోరైడ్" అన్న అంకె. మాకు కావలసింది "లీటరు నీటికి ఇంత". దాన్ని దీనిలోకి మార్చాలంటే నీటి శాతంతో భాగించాలి. ఓవెన్ దగ్గర గంటలు గంటలు నిలబడింది ఇందుకే.

అది చాలదు. క్లోరైడ్ అన్ని నీళ్లలోనూ ఉండదని ఇందాకే చెప్పాను కదా. ఓపలినస్ క్లేలో క్లోరైడ్‌కు అందుబాటులో ఉండేది రంధ్రాల్లో దాదాపు సగం. మొత్తం నీటితో భాగిస్తే లీటరుకు 6 గ్రాములు వచ్చిన చోట, సగంతో భాగిస్తే 12 వస్తాయి. ఈ సగం ఎంత సగం, 0.5 అనాలా, 0.54 అనాలా, ఇసుక ఎక్కువున్న పొరలో ఇంకా పెంచాలా, దీని మీద మా సమావేశాల్లో జరిగిన చర్చలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. మన్ను తక్కువున్న చోట ఈ భిన్నం ఒకటికి దగ్గరగా జరగాలి, మన్ను ఎక్కువున్న చోట పడిపోవాలి. ఒకే అంకెను బోరు మొత్తానికి వాడేస్తే లోతు వెంట గీసే క్లోరైడ్ గీత అందంగా వస్తుంది, అందంగా వచ్చిన గీతను చూస్తే నాకు అనుమానం. పిండిన నీళ్లతో పోల్చి, రేడియో ధార్మిక క్లోరిన్‌నూ ట్రిటియం నీటినీ రాయి గుండా పంపి చూసిన ప్రయోగాలతో పోల్చి, ఒక్కో రకం రాయికి ఒక్కో భిన్నం ఖాయం చేసుకోవాలి. ఇంకో దారి లేదు.

కడిగి తీయడంలో మిగతా అంకెలను ఎక్కువమంది నమ్ముతారు, నేను నమ్మను. ముఖ్యంగా సల్ఫేట్‌ను. ఈ రాయిలో వందకు ఒక పాలు దాకా పైరైట్ ఉంటుంది. పైరైట్‌కు ఆక్సిజన్ తగిలితే సల్ఫేట్, ఆమ్లం పుడతాయి. ఆ ఆమ్లం కాల్సైట్‌ను కరిగిస్తుంది. కరిగిన కాల్షియం మన్ను రేకుల మీద ఉన్న సోడియంను నెట్టేసి తాను కూర్చుంటుంది. అంటే సంచిలో చిన్న చిల్లు పడితే సల్ఫేట్ ఒక్కటే కాదు, కాల్షియం, సోడియం, మెగ్నీషియం, పీహెచ్, అన్నీ వరసగా కదులుతాయి. అంకెలు మాత్రం తమలో తాము చక్కగా సరిపోతాయి, ధన రుణ ఆవేశాల లెక్క కూడా కుదురుతుంది. కొత్త విద్యార్థి పట్టిక తెచ్చి, "బ్యాలెన్స్ రెండు శాతం లోపే ఉంది" అని సంతోషపడితే, బ్యాలెన్స్ కుదిరింది నిజమే, అది రాయిలోని నీళ్లది కాదు, నీ సీసాలో పుట్టిన నీళ్లది అని చెప్పాల్సి వస్తుంది.

పీహెచ్ సంగతి ఇంకా ఘోరం. లోపల కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కోరు పైకి వచ్చే దారిలోనే కొంత ఎగిరిపోతుంది. సిరింజిలోంచి సీసాలోకి పోసేలోపు ఇంకొంత. మీటరు చూపించే అంకె మీటరు చూసిన క్షణానిది. అందుకే చివరికి పీహెచ్‌ను కొలవడం కన్నా లెక్కగట్టడమే ఎక్కువ. కాల్సైట్‌తో నీరు సమతుల్యంలో ఉందనుకుని, మన్ను రేకుల మీద ఏ అయాన్ ఎంత కూర్చుందో కొలిచి, ఫ్రీక్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో పెడితే అది ఒక నీటిని తయారుచేసి ఇస్తుంది. అమెరికా భూగర్భ సర్వే వాళ్లు ఉచితంగా పంచే ప్రోగ్రాం అది, మా రంగంలో అది లేని కంప్యూటర్ ఉండదు. నల్గొండలో పీహెచ్‌ను బావి గట్టు మీదే కొలిచేదాన్ని, దాన్ని ప్రశ్నించే అవసరం రాలేదు. ఇక్కడ పీహెచ్ ఒక వాదన.

మూడో పద్ధతి నాకు ఇష్టమైనది. ఇందులో నీళ్లు తీయనే తీయం. రాతి ముక్కలను గాజు పాత్రలో పోసి, మధ్యలో చిన్న గిన్నెలో మాకు తెలిసిన నీళ్లు పెట్టి, మూత బిగించి వదిలేస్తాం. రాయిలోని నీళ్లు, గిన్నెలోని నీళ్లు ఆవిరి రూపంలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. నెల తర్వాత రెండింటిలోనూ ఆక్సిజన్-18, డ్యూటీరియం ఒకే స్థాయికి వస్తాయి. గిన్నె నీళ్లను లేజర్ యంత్రంలో కొలుస్తాం. తెలియనివి రెండు, రాయిలో నీళ్లెంత, వాటి ఐసోటోపులెంత. అందుకని అదే రాయికి రెండు పాత్రలు, వేర్వేరు ఐసోటోపులున్న రెండు రకాల నీళ్లు. రెండు సమీకరణాలు, రెండు జవాబులు. గిన్నె నీళ్లలో కాస్త ఉప్పు వేయడం మరిచిపోకూడదు, లేకపోతే మంచినీళ్లు రాయిలోకి ఒకేవైపు పోతాయి. ముందూ తర్వాతా బరువు తూచి, తేడా వస్తే ఆ పాత్రను పక్కన పెట్టేస్తాం. వచ్చిన నీటి శాతం ఓవెన్ చెప్పిన నీటి శాతంతో కలిసిందంటే ఆ రోజు కాఫీ రుచిగా ఉంటుంది.

ఇంకొకటి ఉంది, ఓపిక పరీక్షించేది. కోరు ముక్కను టెఫ్లాన్ టేపుతో చుట్టి, రెండు వైపులా టైటానియం బిళ్లలు పెట్టి, చుట్టూ ఒత్తిడి బిగించి, ఒక చివర నుంచి మేం తయారుచేసిన కృత్రిమ రంధ్రజలాన్ని నెడతాం. రెండో చివర నుంచి అసలు నీళ్లు బయటికి రావాలి. మొదటి చుక్క రావడానికి వారాలు. సన్న గొట్టం చివర పెట్టిన సిరింజి ఒక మిల్లీలీటరు నిండటానికి ఇంకొన్ని వారాలు. మేం నెట్టిన నీళ్లు అవతలికి చేరేలోపు వచ్చినవే అసలైనవి, తర్వాత రెండూ కలిసిపోతాయి. ప్రయోగం నెలల తరబడి నడుస్తుంది. గాలి తగలదు, ఒత్తిడి కింద ఉన్నదున్నట్టు ఉంటుంది. అన్ని అయాన్లనూ కలిపి చూస్తే నా ఓటు దీనికే. కాకపోతే ఒక్క ముక్కకు ఇంత కాలం పెడితే బోరు మొత్తానికి ఎన్నేళ్లు కావాలి?

రాయిని పైకి తెచ్చే గొడవే లేకుండా కిందికే వెళ్లి నీళ్లు పట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ పనీ జరుగుతోంది. జూరా ప్రాంతంలో సెంట్ ఉర్సాన్ ఊరి దగ్గర, ఏ16 మోటారు రహదారి సొరంగానికి పక్కన భద్రత కోసం తవ్విన గ్యాలరీ నుంచి మోంటెర్రి శిలా ప్రయోగశాల 1996లో మొదలైంది. కొండ కింద సుమారు 300 మీటర్ల లోతున, ఓపలినస్ క్లే గోడల మధ్యే అక్కడ పని. ఆ గోడలకు బోరు వేసేటప్పుడు నీళ్లు వాడరు, గాలితోనో నైట్రోజన్‌తోనో దుమ్ము తీస్తారు. బోరు మూతికి ప్యాకర్ అనే బిరడా బిగించి, లోపలి గాలిని ఆర్గాన్‌తో తోసేసి వదిలేస్తే, చుట్టూ ఉన్న రాయి నెలల మీద ఆ ఖాళీని మెల్లగా నింపుతుంది. ఈ నీళ్లను చూస్తే పిండిన నీళ్లూ కడిగిన నీళ్లూ ఎంత దూరం తప్పాయో పోల్చుకోవచ్చు.

పోల్చుకోవడానికి వీలుగా ఉన్న నీళ్లు కూడా మాయ చేస్తాయి. మోంటెర్రిలో 2002లో మొదలైన ఒక ప్రయోగంలో బోరులోకి కృత్రిమ రంధ్రజలాన్ని పోసి, దాన్ని తిప్పుతూ, పీహెచ్ ఎలక్ట్రోడ్లతో ఏళ్ల తరబడి గమనించారు. నీటి గుణం అనుకున్నట్టు నిలకడగా ఉండలేదు. సల్ఫేట్ తగ్గింది, సల్ఫైడ్ పుట్టింది, కార్బన్ పెరిగింది, పీహెచ్ పడిపోయింది. చివరికి తేలింది, అది బాక్టీరియా పని. వాటికి తిండి ఎక్కడిది? ప్రధానంగా ఎలక్ట్రోడ్లలోని జెల్ నుంచి కారిన గ్లిసరాల్ అయి ఉండాలని ఆ బృందం తేల్చింది. కొలిచే పరికరమే నీళ్లలోని ప్రాణులకు భోజనం పెట్టింది. మా రంగంలో ఆ ప్రయోగం విఫలమైందని ఎవరూ అనరు, దాని మీద వచ్చిన వ్యాసాలు కొత్తవాళ్లకు ముందు చదివిస్తాం. ఇప్పుడు బోరులోకి ఏ గొట్టం, ఏ జిగురు, ఏ ప్లాస్టిక్ వెళ్తోందో జాబితా రాయనిదే పని మొదలవదు.

అన్ని మన్ను రాళ్లూ ఇంత మొండివి కావు. బెల్జియంలో మోల్ దగ్గర హేడిస్ అనే ప్రయోగశాల 225 మీటర్ల లోతులో, బూమ్ క్లే అనే పొరలో ఉంది. అది ఇంకా పూర్తిగా రాయి కాని మన్ను. అక్కడ గోడలోకి దింపిన గొట్టాల నుంచి నీళ్లు వాటంతట అవే వస్తాయి. ఉప్పు తక్కువ, సోడియం బైకార్బొనేట్ నీళ్లు, కరిగిన సేంద్రియ పదార్థం ఎక్కువ. అక్కడ పనిచేసేవాళ్లను చూస్తే మాకు కాస్త అసూయే. ఫ్రాన్స్‌లో బ్యూర్ దగ్గరి రాయి మాత్రం మా రాయికి దగ్గరి చుట్టం, వాళ్ల తలనొప్పులు మా తలనొప్పులే.

ఇంత చేసి ఏం తేల్చామంటే, క్లోరైడ్ గీత. మోంటెర్రిలో ఆ గీత స్పష్టంగా ఉంది. పొర లోపలి భాగంలో క్లోరైడ్ లీటరుకు దాదాపు 14 గ్రాముల దాకా వెళ్తుంది, ఈనాటి సముద్రంలో ఉన్నది 19. పొరకు పైనా కిందా మంచినీళ్లు పారే సున్నపురాతి పొరల వైపు వెళ్లేకొద్దీ అది వంపు తిరిగి తగ్గిపోతుంది. బ్రోమైడ్‌కూ క్లోరైడ్‌కూ మధ్య నిష్పత్తి సముద్రానిదే. అంటే ఉప్పు ఆ పాత సముద్రపు వారసత్వం, తర్వాత ఎక్కడినుంచో వచ్చి చేరింది కాదు. ఉప్పులో వేసిన మామిడికాయ ముక్క నడిబొడ్డు దాకా ఎవరూ కలపకుండానే ఉప్పు ఎలా చేరుతుందో, ఇక్కడ అదే పని తిరగేసి జరిగింది. నీరు పారకుండా, ఉప్పు ఒక్కటే అణువు అణువుగా బయటికి నడిచింది. ఆ వంపు అలా కుదరాలంటే లక్షల ఏళ్లు పట్టాలి, రాయి ఆ కాలమంతా పగుళ్ల గుండా నీటిని పారనిచ్చి ఉండకూడదు. ఒక్క చోట నీరు పారినా గీతలో ఆ చోట గుంట పడేది.

గీత మీద ఒక్కో చుక్క వెనక ఓవెన్, గ్లవ్ బాక్స్, సగం గురించిన చర్చ ఉన్నాయి. అందుకే గీతకు అటూ ఇటూ గీసే దోషరేఖల గురించి నేను గట్టిగా పట్టుబడతాను. సమావేశాల్లో చుక్కలు చిన్నగా, దోషరేఖలు సన్నగా ఉంటే బొమ్మ శుభ్రంగా ఉంటుందని అడుగుతారు. ఊరివాళ్లకు చూపించే బొమ్మ అయినా సరే, నేను ఒప్పుకోను. స్టాడెల్ చుట్టుపక్కల ఉండే రైతులకు కొలత అంటే ఏమిటో తెలుసు. ఒకసారి ఒక పెద్దాయన మా ప్రయోగశాల చూడటానికి వచ్చి, "మీ పద్ధతులు నాలుగూ నాలుగు అంకెలు చెబితే ఏది నిజం?" అని అడిగాడు. నాలుగూ ఎక్కడ విడిపోతాయో, ఎందుకు విడిపోతాయో తెల్లబోర్డు మీద గీసి చూపించాను. ఆయన ఒప్పుకుని వెళ్లాడో లేదో చెప్పలేను గానీ, దోషరేఖలు చెరిపేసి ఉంటే ఆ ప్రశ్న అడిగేవాడే కాదు.

2022 సెప్టెంబరులో నాగ్రా స్టాడెల్ ఉన్న నోర్డ్‌లిష్ లేగెర్న్ ప్రాంతాన్ని ఎంచుకుంది, 2024 నవంబరులో అనుమతి కోసం దరఖాస్తు పెట్టింది. ప్రభుత్వ భద్రతా నిపుణులు దాన్ని పరిశీలిస్తున్నారు, ఆ తర్వాత ప్రభుత్వం, పార్లమెంటు, బహుశా ప్రజల ఓటు. పరిశీలన అంటే ప్రశ్నలు. ఫలానా లోతు ముక్కలో క్లోరైడ్ పక్క ముక్కల కంటే ఎందుకు తక్కువ, ఏ భిన్నంతో భాగించారు, సంచి ఎప్పుడు తెరిచారు, ఇలాంటివి. వాటికి జ్ఞాపకం మీద జవాబు చెప్పలేం. మా చల్లని గదిలో అరల నిండా మిగిలిన కోరు ముక్కలు ఇంకా సీలు సంచుల్లోనే ఉన్నాయి. ప్రతి సంచినీ అప్పుడప్పుడు తూస్తాం. బరువు తగ్గిన వాటి మీద పసుపు చీటీ అంటిస్తాం. ఆ ముక్కలను నీటి శాతానికి ఇక వాడం, ఐసోటోపులకు అసలే వాడం. క్లోరైడ్‌కు మాత్రం పనికొస్తాయి, నీరు ఆరిపోయినా ఉప్పు ఎక్కడికీ పోదు కాబట్టి. వచ్చే నెల అలాంటి పసుపు చీటీల ముక్కలు కొన్ని పొడిచేయాలి. ఎవరెవరు గ్లవ్ బాక్స్ ముందు కూర్చోవాలో ఇంకా తేలలేదు.